గుండుసూది ప్రయాణం



ఈ నెల నాకు వచ్చిన ఉత్తరాలలో రెండు ఉత్తరాలు అక్కచెల్లెళ్ళలాగా ఉన్నాయి. మొదటిది నాలుగో తరగతి చదివే అబ్బాయి వ్రాశాడు. "మాస్టారూ, నేను సీతాఫలం గింజ మింగేశాను. కడుపులో చెట్టు మొలిచి చెవుల్లోంచి కొమ్మలు వస్తాయని మా అన్నయ్య ఏడిపిస్తున్నాడు. నిజమేనా?" అని అడిగాడు. రెండవది ఏడో తరగతి అమ్మాయి వ్రాసింది. "మా నాన్నగారు దర్జీ. గుండుసూదులు పెదవుల మధ్య పట్టుకొని గుడ్డ కొలుస్తారు, వచ్చినవారితో మాట్లాడతారు. ఒక సూది లోపలికి పోతే ఏమవుతుంది? పొట్ట చీల్చుకొని బయటికి వస్తుందా?" అని ఆమె ప్రశ్న.

సీతాఫలం పేరు పెట్టుకొన్న పేటలో కాపురం ఉంటున్నాను గనుక మొదటి ప్రశ్నకు జవాబు చెప్పడం నా విధి. బాబూ, చెట్టు మొలవదు. సీతాఫలం గింజకు పైన గట్టి పెంకు ఉన్నది. మన కడుపులోని రసాలు ఆ పెంకును కరిగించలేవు. గింజ నున్నగా ఉంటుంది, ఎక్కడా గుచ్చుకోదు. వెళ్ళిన దారిన వెళ్ళి ఒకటి రెండు రోజులలో బయటపడుతుంది. అయితే ఆ గింజను నలగ్గొట్టరాదు. లోపలి పప్పు విషం. పేలకు మందు అని దానిని నూరి తలకు పట్టించేవారు ఉన్నారు. ఆ పొడి కంట్లో పడితే కన్ను బాగా దెబ్బ తింటుంది. ఈ మాట మీ అమ్మమ్మగారికి కూడా చదివి వినిపించండి.

రెండవ ప్రశ్న అంత తేలికది కాదు. దానికి ఈ పేజీ అంతా పడుతుంది.

గుండుసూది నోట్లో పట్టుకొనేది దర్జీ ఒక్కడే కాదు. వడ్రంగి మేకులు పట్టుకొంటాడు. చెప్పులు కుట్టే తాత చిన్న చిన్న శీలలు పట్టుకొంటాడు. చీర కుచ్చిళ్ళు సర్దుకొనే అక్కయ్య పిన్నీసును పళ్ళతో పట్టుకొంటుంది. తలగుడ్డ చుట్టుకొనే అక్కయ్య గుండుసూదులు పెదవుల మధ్య ఉంచుకొంటుంది. రెండు చేతులకూ పని ఉన్నప్పుడు నోరు మూడవ చెయ్యి అవుతుంది. ఇబ్బంది ఏమిటంటే, ఈ మూడవ చెయ్యి నవ్వుతుంది, తుమ్ముతుంది, "ఆఁ, ఏమిటీ?" అని బదులు పలుకుతుంది. మిగిలిన రెండు చేతులూ ఆ పనులు చెయ్యవు.

ఇప్పుడు ఒక గుండుసూది జారిందనుకొందాం. అది ఎటు పోతుంది?

నోటి వెనుక రెండు గొట్టాలు ఉన్నాయి. ముందున్నది గాలిగొట్టం, దాని వెనుక ఉన్నది అన్నవాహిక. మనం మింగేటప్పుడు గాలిగొట్టం పైకి లేస్తుంది, ఆకులాంటి ఒక మూత దాని మీదికి వంగుతుంది. (అద్దంలో చూస్తే గొంతులో వ్రేలాడుతూ కనబడేది కొండనాలుక. ఈ మూత అది కాదు. ఇంకా క్రిందుగా ఉంటుంది.) అందువల్ల అన్నం ముద్ద దారి తప్పదు. కాని నవ్వినప్పుడు, ఉలిక్కిపడినప్పుడు మనం మింగము, గాలి లోపలికి పీలుస్తాము. అప్పుడు మూత తెరచే ఉంటుంది. నోట్లో సూది ఉంటే గాలితో పాటు గాలిగొట్టంలోకే పోతుంది. అక్కడినుంచి సాధారణంగా కుడి ఊపిరితిత్తివైపు దిగుతుంది. కుడివైపు కొమ్మ ఎడమదాని కంటే వెడల్పు, నిట్రంగానూ ఉంటుంది. ఆగని దగ్గు, గురక వంటి శబ్దం, ఊపిరి ఆడకపోవడం దాని గుర్తులు. ఇలా జరిగితే ఇంట్లో చెయ్యగలిగింది ఏమీ లేదు, వెంటనే 108కి ఫోను చెయ్యాలి.

గాలిగొట్టం తప్పించుకొని అన్నవాహికలో పడిందనుకొందాం. పెద్దవారిలో అన్నవాహిక సుమారు 10 అంగుళాల పొడవు. అది నీళ్ళ గొట్టంలాగా ఉత్త ఖాళీ గొట్టం కాదు. దాని గోడలోని కండరం పైనుంచి క్రిందికి అలలాగా బిగుస్తూ ముద్దను నెడుతుంది. అందుకే తలక్రిందులుగా ఉండి మింగినా ముద్ద పొట్టలోకే చేరుతుంది. (పరీక్షించి చూడకండి, నా మాట నమ్మండి.) ఈ గొట్టం మూడు చోట్ల ఇరుకు. గొంతు దాటగానే ఒకటి, గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం ఆనుకొని పోయేచోట ఒకటి, రొమ్మునూ పొట్టనూ వేరు చేసే తెరలోంచి దూరేచోట ఒకటి. చిక్కుకొనే వస్తువులు ఎక్కువగా ఇక్కడే చిక్కుకొంటాయి. అన్నిటికంటె ప్రమాదమైన మజిలీ కూడా ఇదే. ఎందుకంటే గోడకు అవతల గుండె, ఊపిరితిత్తులు, రక్తనాళాలు ఉన్నాయి. సూది గోడకు చిల్లి పెట్టిందంటే నోటిలోని సూక్ష్మక్రిములు ఆ చిల్లిలోంచి రొమ్ములోకి పోతాయి. అక్కడ చీము పట్టి, జ్వరం వచ్చి, ప్రాణం మీదికి వస్తుంది.

పొట్టలోకి దిగితే గండం సగం గడిచినట్టే. కాని ప్రయాణం ఇంకా చాలా ఉన్నది. పొట్ట చివర ఒక సన్నని ద్వారం. దానిని దాటగానే ప్రేవు కొడవలిలాగా వంపు తిరుగుతుంది. అక్కడినుంచి దాదాపు 20 అడుగుల చిన్నప్రేవు, ఆపైన 5 అడుగుల పెద్దప్రేవు. మొనలేని వస్తువులు, అంటే నాణేలూ గోళీలూ వంటివి, పొట్టలోకి చేరిన తరువాత చాలావరకు వాటంతట అవే బయటికి వచ్చేస్తాయి. ఆశ్చర్యం ఏమిటంటే, గుండుసూదులు కూడా చాలాసార్లు అలాగే వస్తాయి! మెత్తని ప్రేవులో 25 అడుగులు ప్రయాణం చేసి, ఎక్కడా గుచ్చుకోకుండా సూది ఎలా వస్తుంది?

ఈ ప్రశ్నే వియన్నా నగరంలో ఆల్ఫ్రెడ్ ఎక్స్నర్ అనే వైద్యుడికి తోచింది. ఆయన జంతువుల ప్రేవులను పరిశీలించి 1902లో ఒక సంగతి ప్రకటించాడు. సూదిమొన తగిలినచోట ప్రేవు గోడ ఎదురు తిరగదు; వెనక్కు తగ్గుతుంది. ఆ కాస్త చోటూ పాలిపోయి, గుంటలాగా లోపలికి పోతుంది, దారి వెడల్పు అవుతుంది. ఈలోగా ప్రేవు కదలికలు సూదిని మెల్లగా త్రిప్పుతాయి. చివరకు తల ముందు, మొన వెనుక అయ్యేటట్టు చేస్తాయి. అప్పుడు సూది తలను ముందు పెట్టుకొని బుద్ధిగా నడుస్తుంది. చెప్పేవారు ఎవరూ లేకుండా, చీకట్లో, మనం నిద్రపోతున్నప్పుడు కూడా ప్రేవు ఈ పని చేస్తుంది. నేను నలభై ఏళ్ళు పాఠాలు చెప్పాను గాని, మొండివాడిని నొప్పించకుండా ఇలా త్రిప్పుకొనే నేర్పు చాలా కొద్దిమంది మాస్టర్ల దగ్గరే చూశాను.

అయితే ప్రేవుకు కూడా హద్దు ఉన్నది. సుమారు 2 అంగుళాలకు మించి పొడవున్న వస్తువు కొడవలి వంపులో తిరగలేదు. రెండు కొసలా వాడిగా ఉండే చేపముల్లుకు, పళ్ళు కుట్టుకొనే పుల్లకు తల ఏది, తోక ఏది? త్రిప్పినా ఫలం లేదు. ఊడిన పిన్నీసు సంగతి చెప్పనే అక్కరలేదు. అందుచేత "అదే వచ్చేస్తుందిలే" అని ఇంట్లో కూర్చోవడం తగదు. వచ్చేదో రానిదో తేల్చవలసినవాడు డాక్టరు.

డాక్టర్లు గొంతులోకి చూడడం ఎలా నేర్చుకొన్నారో తెలుసా? దానికి కారకుడు ఒక గారడీవాడు. మన ఊళ్ళలో గారడీవాళ్ళు కత్తి మింగడం మీ తాతగారు చూసే ఉంటారు. తల వెనక్కు వాల్చి, గొంతూ అన్నవాహికా ఒకే గీతలోకి తెచ్చి, డోకు రాకుండా ఏళ్ళ తరబడి అభ్యాసం చేస్తే గాని అది రాదు. అంత అభ్యాసం చేసినవారిలోనూ గాయపడినవారు, చనిపోయినవారు ఉన్నారు. జర్మనీలో ఫ్రైబర్గ్ అనే పట్టణంలో 1868లో ఆడాల్ఫ్ కుస్మౌల్ అనే వైద్యుడు ఇటువంటి కత్తి మింగేవాడిని పిలిపించి, కత్తికి బదులు ఒక బోలు గొట్టం మింగించి, అందులోంచి లోపలికి చూశాడు. గొట్టం పోయింది గాని, వెలుతురు చాలలేదు. అప్పటికి విద్యుద్దీపాలు లేవు మరి.

అదే ఫ్రైబర్గ్‌లో 1897లో గుస్టావ్ కిల్లియన్ అనే గొంతు వైద్యుడి దగ్గరకు ఒక రైతు వచ్చాడు. భోజనం చేస్తూండగా పంది ఎముక ముక్క గాలిగొట్టంలోకి పోయి, కుడి కొమ్మలో చిక్కుకొన్నది. కిల్లియన్ లోపల మొద్దుబారేటట్టు మందు పూసి, గట్టి గొట్టం దించి, పట్టకారుతో ఆ ఎముకను బయటికి తీశాడు. రొమ్ము కొయ్యకుండా ఊపిరితిత్తి దారిలోని వస్తువును చూసి తియ్యడం అదే మొదలు.

ఈ విద్యను పండించినవాడు అమెరికా దేశస్థుడు షెవాలియర్ జాక్సన్. ఆయన 1865లో పుట్టి 1958 వరకు, 92 ఏళ్ళు బ్రతికాడు. చాలాకాలం ఫిలడెల్ఫియా నగరంలో పనిచేశాడు. పిల్లల గొంతుల్లోంచి, ఊపిరితిత్తుల్లోంచి, పొట్టల్లోంచి ఆయనా, ఆయన శిష్యులూ బయటికి తీసిన వస్తువులన్నిటినీ పారెయ్యకుండా దాచిపెట్టాడు. పిన్నీసులు, గుండుసూదులు, మేకులు, బొత్తాలు, ఎముకలు, పళ్ళు, నాణేలు, బొమ్మల ముక్కలు, మొత్తం 2,374! ఇప్పుడు అవి ఆ నగరంలోనే మ్యూటర్ మ్యూజియంలో సొరుగులలో పేర్చి ఉన్నాయి. ఎవరైనా "మా వస్తువు మాకు ఇచ్చేయండి" అని అడిగినా ఇచ్చేవాడు కాదట. మొండితనం అనిపిస్తుంది గాని, ఆ సొరుగులు చూసి ఎందరో వైద్యులు ఈ పని నేర్చుకొన్నారు.

జాక్సన్ రెండు చేతులతోనూ సమంగా పని చెయ్యగలడు. పాఠం చెబుతూ నల్లబల్ల మీద రంగు సుద్దలతో గొంతు బొమ్మలు వేసేవాడు. ఆయన కనిపెట్టిన సూత్రం చాలా చిన్నది: ముందు నడిచే మొన గుచ్చుతుంది, వెనుక ఈడ్చుకొచ్చే మొన గుచ్చదు. ప్రేవు ఎరిగిన నీతే ఇది! చంటిపిల్ల నోరు తెరచిన పిన్నీసును మింగింది, మొన పైకి ఉన్నది అనుకోండి. పైకి లాగితే మొన ముందు నడిచి అన్నవాహికను చీలుస్తుంది. జాక్సన్ ఏం చేసేవాడు? తొందరపడి లాగేవాడు కాదు. దానిని ఇంకా క్రిందికి, పొట్టలోకి నెట్టి, అక్కడ ఉన్న విశాలమైన చోటులో త్రిప్పి, గుండ్రని కొసను పట్టుకొని పైకి తెచ్చేవాడు. మొన వెనుక తోకలాగా వచ్చేది. బయటికి తేవడానికి ముందు లోపలికి నెట్టడం! లెక్కలలో కూడా అప్పుడప్పుడు ఇలా చెయ్యవలసి వస్తుంది.

ఆయన మరొక పని కూడా చేశాడు. అప్పట్లో అమెరికాలో ఇళ్ళు కడగడానికి వాడే ఘాటైన క్షారం సీసాల మీద "విషం" అన్న మాట ఉండేది కాదు. పిల్లలు పంచదార అనుకొని తినేవారు; గొంతు కాలి మచ్చలు కట్టి, నీళ్ళు కూడా దిగేవి కావు. జాక్సన్ ఏళ్ళ తరబడి పోరాడగా 1927లో అటువంటి సీసాల మీద హెచ్చరిక అచ్చు వెయ్యాలని చట్టం వచ్చింది. వేలకొద్దీ వస్తువులు తీసిన ఆయన చేతులు గొప్పవే గాని, అసలు గొంతులోకి పోకుండా చేసిన ఈ చట్టమే నాకు ఎక్కువ గొప్పగా తోస్తుంది.

ఇప్పుడు గట్టి గొట్టాల అవసరం చాలావరకు తగ్గింది. వెంట్రుకల వంటి సన్నని గాజుపోగుల కట్టలోంచి వెలుతురు వంపులు తిరిగి పోగలదు. ఈ కిటుకుతో బేసిల్ హిర్షోవిట్జ్ అనే వైద్యుడు 1957లో అమెరికాలోని మిచిగన్‌లో పొట్టలోకి చూసే మెత్తని గొట్టం తయారు చేశాడు. దానిని ఎండోస్కోపు అంటారు. ఈనాటి ఎండోస్కోపు కొసలో చిన్న కెమెరా ఉంటుంది. కొసకు మెత్తని టోపీ తొడిగి, మొనను ఆ టోపీలోకి లాక్కొని, అన్నవాహికకు గీత పడకుండా సూదిని పైకి తెస్తారు. మా సీతాఫల్‌మండికి దగ్గరలో ఉన్న గాంధీ ఆస్పత్రి, పిల్లల కోసం 1953లో వెలసిన నీలోఫర్ ఆస్పత్రి, కోఠిలోని చెవి ముక్కు గొంతు ఆస్పత్రి మన జంటనగరాలలో అందరికీ తెలిసిన సర్కారు దవాఖానాలు.

ఇంత విద్య ఉన్నా, డాక్టరు దగ్గరకు చేరేలోపల ఇంట్లో జరిగే వైద్యం చాలాసార్లు గాయాన్ని పెంచుతుంది. చేపముల్లు గుచ్చుకొన్నదంటే ముందు అరటిపండు, లేదా నమలకుండా పెద్ద అన్నం ముద్ద మింగిస్తారు. బొచ్చె, రవ్వ తినే ఇళ్ళలో ఇది ప్రతివారికీ తెలిసిన చిట్కా. అదృష్టం బాగుంటే పైపైన ఉన్న ముల్లు జారుతుంది. బాగుండకపోతే ఆ ముద్ద సుత్తిలాగా పనిచేసి ముల్లును గోడలోకి దిగగొడుతుంది. పైగా పొట్ట నిండి ఉంటే మత్తు ఇవ్వడం ప్రమాదం. వేలు పెట్టి కెలికితే పైన ఉన్నది క్రిందికి పోతుంది. వాంతి చేయిస్తే పొట్టలో నెమ్మదిగా ఉన్న సూది ఎదురుప్రయాణం చేసి, ఇందాక చెప్పిన ఇరుకు దారిలో మొన ముందుకు పెట్టుకొని వస్తుంది. ఇక ఆముదం! మా చిన్నతనంలో సకల రోగాలకూ అదే మందు. కాని ఆముదం ప్రేవును తొందరపెడుతుంది. సూదిని ఓపికగా త్రిప్పుకోవలసిన ప్రేవును తొందరపెట్టడం మంచిది కాదు.

చెయ్యవలసిన పని ఒకటే: మింగినది ఏమిటో, ఎప్పుడో వెంటనే పెద్దవారికి చెప్పడం, ఏమీ తినకుండా త్రాగకుండా ఆస్పత్రికి పోవడం. అటువంటిదే మరొక సూది ఇంట్లో ఉంటే వెంట తీసుకుపోతే డాక్టరుకు పొడవూ లావూ తెలుస్తాయి. ఎక్స్‌రేలో లోహం తెల్లగా కనబడుతుంది. చేపముల్లు, పుల్ల, ప్లాస్టిక్ ముక్క చాలాసార్లు కనబడవు; ఎక్స్‌రేలో లేదు గదా అని నొప్పిని కొట్టిపారెయ్యరాదు. సూది పొట్టలోపలే అందితే తీసేస్తారు. దాటిపోతే రోజూ ఎక్స్‌రే తీసి, నిన్న ఎక్కడ ఉన్నది, ఈ రోజు ఎక్కడికి వచ్చింది అని రైలు బండిని స్టేషను స్టేషనుకీ చూసినట్టు చూస్తారు. మామూలుగా నాలుగు నుంచి ఆరు రోజులలో గమ్యం చేరుతుంది. మూడు రోజులైనా కదలకపోతే, కడుపునొప్పి గాని జ్వరం గాని వాంతులు గాని రక్తం గాని కనబడితే, శస్త్రచికిత్స సంగతి ఆలోచిస్తారు.

"వెంటనే చెప్పడం" అన్నాను. వ్రాయడానికి రెండు మాటలే గాని పిల్లలకు అది ఎంత కష్టమో నాకు తెలుసు. చాలా ఏళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక బడిలో కుట్టుపని క్లాసులో ఆరో తరగతి అమ్మాయి గుండుసూదిని పళ్ళతో పట్టుకొన్నది. ప్రక్క అమ్మాయి ఏదో హాస్యం ఆడింది. సూది మాయమైంది. నోట్లో సూదులు పెట్టుకోవద్దని టీచరు ఆ ఉదయమే చెప్పి ఉన్నది. అందుకని ఆ అమ్మాయి నోరు విప్పలేదు. స్నేహితురాలి చేత కూడా "ఎవరికీ చెప్పను" అని ఒట్టు వేయించుకొన్నది. మధ్యాహ్నం అన్నం తినలేదు. ఉమ్మి మింగలేక చేతిరుమాలులో తుడుచుకొంటూ కూర్చున్నది. మూడో గంటకు స్నేహితురాలు ఆఫీసుగది గుమ్మంలో నిలబడి ఏడుస్తూ, "మాస్టారూ, నేను ఒట్టు తప్పుతున్నాను" అన్నది.

ఆ సాయంకాలమే ఆస్పత్రిలో సూది తీశారు. అన్నవాహిక పై ఇరుకులోనే, మొన గోడకు ఆని ఉన్నదట. రాత్రంతా అలాగే ఉంటే ఏమయ్యేదో చెప్పలేమన్నాడు డాక్టరు. ఆ అమ్మాయి రెండు రోజుల తరువాత బడికి వచ్చి, ఒట్టు తప్పినందుకు స్నేహితురాలితో వారం రోజులు మాట్లాడలేదు. ఎనిమిదో రోజున ఇద్దరూ ఒకే డబ్బాలో అన్నం తింటున్నారు. పెద్దవాళ్ళు ఈ పేజీ చదువుతూ ఉంటే వారికి ఒక మాట: పిల్లవాడు "సూది మింగాను" అని వచ్చినప్పుడు మన నోట మొదట వచ్చే మాట "నోట్లో ఎందుకు పెట్టుకొన్నావురా?" అన్నది. ఆ ప్రశ్నకు తొందర లేదు. వచ్చే వారం అడగవచ్చు. "ఎప్పుడు మింగావు నాయనా?" అన్నది ముందు అడగవలసిన ప్రశ్న.

మొన లేకపోయినా సూది కంటె చెడ్డవి రెండు ఈ కాలంలో ఇళ్ళలోకి వచ్చాయి. ఒకటి గడియారాలలో, ఆటబొమ్మలలో, టీవీ రిమోట్లలో వేసే బిళ్ళ బ్యాటరీ. చూడడానికి రూపాయి బిళ్ళలాగా బుద్ధిగా ఉంటుంది. అన్నవాహికలో చిక్కుకొంటే అక్కడి తడితో విద్యుత్తు పారి, క్షారం పుట్టి, 2 గంటలలోనే గోడను కాల్చడం మొదలు పెడుతుంది. ఒక్క నిమిషం కూడా ఆగకుండా ఆస్పత్రికి పోవాలి. ఏడాది దాటిన బిడ్డకు దారిలో పది నిమిషాలకు ఒకసారి రెండు చిన్న చెంచాల తేనె మింగించమని వైద్యులు చెబుతున్నారు; తేనె ఆ కాలుడును కొంత తగ్గిస్తుంది. మింగి 12 గంటలు దాటకపోతేనే ఈ పని చెయ్యాలి. తేనె కోసం ప్రయాణం ఆపరాదు. ఇది బ్యాటరీకి మాత్రమే సుమా, సూదికి కాదు. రెండవది చిన్న అయస్కాంతపు గుండ్లు. ఒకటి మింగితే జారిపోవచ్చు. రెండు మింగితే ప్రేవులో రెండు మడతలలో చెరొకటి నిలిచి, ఒకదానినొకటి లాగుకొని, మధ్య గోడను నొక్కిపెట్టి చిల్లి చేస్తాయి.

అయస్కాంతాన్ని ఇంత తిట్టాను గనుక దాని మంచి కూడా చెప్పాలి. సూదులూ మేకులూ మింగేవారిలో మనుషుల కంటె ఆవులు ఎక్కువ. ఆవు మనలాగా నమిలి మింగదు. దానికి పైవరుసలో ముందుపళ్ళు లేవు. నాలుకతో గడ్డి చుట్టి, గబగబా మింగి, తీరికగా పడుకొని నెమరు వేస్తుంది. మింగేటప్పుడు గడ్డిలో తీగముక్క ఉన్నదా అని చూసుకోదు. మా మార్కెట్టు వీధిలో ప్రతి సాయంకాలం ఆవులు చెత్త దగ్గర నిలబడి ఉంటాయి. కూరగాయల తొక్కలను సంచిలో పెట్టి ముడి వేసి పడేస్తారు. అదే సంచిలో విరిగిన బ్లేడు, వంగిన పిన్నీసు కూడా పడేస్తారు. ఆవుకు ముడి విప్పడం రాదు. సంచితో సహా మింగుతుంది.

ఆవు కడుపులో నాలుగు గదులు. బరువైన మేకు రెండవ గదిలో పడుతుంది. దాని లోపలి గోడ తేనెపట్టులాగా గళ్ళు గళ్ళుగా ఉంటుంది. మేకు ఆ గళ్ళలో చిక్కుకొంటుంది. ఆ గదికి ముందు ఒక పలుచని తెర, తెరకు అవతల గుండె. గది బిగుసుకొన్నప్పుడల్లా మేకు ముందుకు జరిగి, తెరను పొడిచి, గుండెను చేరుతుంది. అప్పుడు ఆవు వీపు గూనిగా వంచి, ముందుకాళ్ళు ఎడం చేసి, మేత మాని నిలబడిపోతుంది. ఎక్కడ నొప్పిగా ఉన్నదో చెప్పడానికి దానికి మాట రాదు, తరఫున చెప్పడానికి స్నేహితురాలూ లేదు.

అందుకని పశువైద్యులు ఒక ఉపాయం కనిపెట్టారు. వేలంత పొడవున్న నున్నని అయస్కాంతాన్ని ఆవు చేత మింగిస్తారు. బరువైనది గనుక అది కూడా ఆ తేనెపట్టు గదిలోనే కూర్చుంటుంది. తరువాత వచ్చిన మేకులూ తీగముక్కలూ దానికి అంటుకొని, గుచ్చుకోకుండా కట్టగా పడి ఉంటాయి. అది ఆవు బ్రతికినన్నాళ్ళూ లోపలే ఉంటుంది. ఒక ఆవుకు ముందే అయస్కాంతం వేశారో లేదో తెలియకపోతే డాక్టరు కోయనూ కోయడు, ఎక్స్‌రే తియ్యనూ తియ్యడు. మీ పెట్టెలో ఉన్నటువంటి చిన్న దిక్సూచిని ఆవు ముందుకాలి వెనుకగా రొమ్ము దగ్గర పెట్టి చూస్తాడు. లోపల అయస్కాంతం ఉంటే దిక్సూచి ముల్లు ఉత్తరం మాని ఆవువైపు తిరుగుతుంది.